మన ఊళ్ళో ఈ వారం పాట ఎక్కడ? పిల్లలతో కలిసి ఒక వెబ్‌సైట్ ప్లాన్ చేద్దాం



ఈ నెల ప్రాజెక్ట్ పేజీ 7, 8, 9 తరగతుల పిల్లల కోసం, వారితో పాటు మీ కోసం. ముందుగా ఒక చిన్న ప్రశ్న. గడిచిన సంవత్సరంలో మీ అబ్బాయి గానీ, అమ్మాయి గానీ, పాడే మనిషి ఎదురుగా కూర్చుని పాట విన్నారా? ఫోన్‌లో, టీవీలో, కారులో విన్నది లెక్కలోకి రాదు. పెళ్ళిలో నాదస్వరం వాయిస్తుంటే పక్కన నిలబడి విన్నా సరే, అది లెక్కలోకి వస్తుంది.

ఈ ప్రశ్న క్లాసులో అడిగితే లేచే చేతులు తక్కువ. కారణం అడిగితే పిల్లలు చెప్పే జవాబు మాత్రం చాలా సూటిగా ఉంటుంది: "ఎక్కడ ఉంటాయో మాకెలా తెలుస్తుంది మేడమ్?"

వాళ్ళు అడిగింది న్యాయమే. మన ఊళ్ళలో కార్యక్రమాలకు కొదవ లేదు. కళాక్షేత్రాల్లో, గుళ్ళలో, సంగీత కళాశాలల్లో, కాలనీ పందిళ్ళలో ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు. చాలాచోట్ల ప్రవేశం ఉచితం. కానీ ఆ సమాచారం ఒక ఫ్లెక్సీ మీదో, ఒక వాట్సాప్ గ్రూప్‌లోనో, జిల్లా ఎడిషన్ మూలన రెండు లైన్లలోనో ఉండిపోతుంది. వినాలనుకున్నవారికి కబురు అందదు. పాడేవారికి ముందు వరుసలో బంధువులు, వెనక ఖాళీ కుర్చీలు కనిపిస్తాయి.

ఈ రెండు వైపులనూ కలిపే ఒక చిన్న వెబ్‌సైట్‌ను ప్లాన్ చేయడమే ఈ నెల పాఠం. 'తయారు చేయడం' అనకుండా 'ప్లాన్ చేయడం' అని కావాలనే అంటున్నాను. ఈ రోజుల్లో గూగుల్ సైట్స్ లాంటి ఉచిత టూల్‌తో పిల్లలు ఒక మధ్యాహ్నంలో పేజీ పెట్టేస్తారు. అసలు పని దానికి ముందే ఉంది. మనం రాసిన ఒక్క లైన్‌ను నమ్మి, మనకు తెలియని ఒక కుటుంబం ఆటో మాట్లాడుకుని బయలుదేరుతుంది. వెళ్ళాక గేటుకు తాళం వేసి ఉంటే? వాళ్ళు మళ్ళీ మన సైట్‌ను నమ్మరు. బహుశా మళ్ళీ కచేరీకే వెళ్ళరు. వెబ్‌సైట్ పెట్టడమంటే నలుగురికి మాట ఇవ్వడం. ఆ మాట నిలబెట్టుకునే పద్ధతి పిల్లలు నేర్చుకోవాలి.

మొదటి మెట్టు: ఎవరి కోసం?

'అందరి కోసం' అని పిల్లలు వెంటనే అంటారు. అక్కడే ఆపండి. ముగ్గురు మనుషులను ఊహించి, ఒక్కొక్కరి గురించి నాలుగు లైన్లు రాయమనండి.

ఉదాహరణకు: ఇద్దరు చిన్న పిల్లలున్న తల్లి, మర్నాడు ఉదయం ఏడున్నరకు స్కూల్ బస్సు. రిటైరైన తాతగారు, మెట్లు ఎక్కలేరు, రాత్రి ఒంటరిగా ఆటోలో రావడం ఇష్టం ఉండదు. హాస్టల్‌లో ఉండే ఇంజినీరింగ్ విద్యార్థి, జేబులో వంద రూపాయలు.

ఈ ముగ్గురికీ కావలసిన సమాచారం ఒకటి కాదు. తల్లికి ఎన్ని గంటలకు అయిపోతుందో తెలియాలి. తాతగారికి లిఫ్ట్ ఉందో లేదో తెలియాలి. విద్యార్థికి ఖర్చు, ఆఖరి బస్సు తెలియాలి. చాలా పోస్టర్లలో ఈ మూడూ ఉండవు. ఉండేది ముఖ్య అతిథుల ఫోటోలు. మన సైట్ ప్రత్యేకత ఏమిటో ఇక్కడే తేలిపోతుంది.

రెండో మెట్టు: పాట ఎక్కడెక్కడ ఉంది?

మీ ఊరి మ్యాప్ ఒకటి ప్రింట్ తీసి, సంగీతం వినిపించే చోట్లు గుర్తు పెట్టించండి. మా బ్రాంచ్‌లు ఉన్న ఊళ్ళలో మొదలుపెట్టడానికి కొన్ని పేర్లు ఇస్తున్నాను.

హైదరాబాద్‌లో 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి ఉంది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. రామ్‌కోఠిలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ ఉంది. మాదాపూర్‌లో శిల్పారామం ఉంది. విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, ఘంటసాల పేరు మీద ఉన్న ప్రభుత్వ సంగీత కళాశాల ఉన్నాయి. విశాఖపట్నంలో కళాభారతి ఉంది. తిరుపతిలో మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం ఉన్నాయి. తిరుమలలో శ్రీవారి ఆలయం ఎదురుగా ఉన్న నాదనీరాజనం వేదిక మీద భక్తి సంగీతం ఉచితంగా వినవచ్చు.

విజయనగరం పిల్లలు కాస్త గర్వపడవచ్చు. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. హరికథా పితామహుడిగా పేరు పొందిన ఆదిభట్ల నారాయణదాసు దాని మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే పాఠాలు చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, పి. సుశీల అక్కడి విద్యార్థులే. ఇలాంటి కళాశాలల్లో ఈ రోజు చదువుతున్న వారిలో రేపటి గాయకులు ఉంటారు. వాళ్ళ వార్షికోత్సవం, వాళ్ళ పరీక్షా కచేరీ మన సైట్‌లో ఎక్కవలసిన మొదటి వార్తలు.

పెద్ద హాళ్ళతో ఆగిపోకండి. శ్రీరామనవమి పందిళ్ళలో హరికథ, వినాయక చవితికి ఆర్కెస్ట్రా, ఉర్సుల్లో కవ్వాలీ, క్రిస్మస్ ముందు చర్చిల్లో కేరల్స్, ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుప్పావై గోష్ఠి, ఇవన్నీ ఎదురుగా వినే సంగీతమే. చాలావరకు టికెట్ లేనివే. పిల్లల మ్యాప్ మీద అన్ని రంగుల చుక్కలూ ఉంటేనే అది మన ఊరి మ్యాప్ అవుతుంది.

మూడో మెట్టు: 'ఉచితం' అంటే ఎంత?

ఈ ప్రాజెక్ట్‌లో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. లెక్కల నోట్‌బుక్ తీయించండి. అంకెలు ఉదాహరణ కోసమే, మీ ఇంటి నుంచి అసలు అంకెలు వేసుకోండి. ఇంట్లో నలుగురు: అమ్మ, నాన్న, అక్క, తమ్ముడు.

మొదటి కార్యక్రమం. ప్రవేశం ఉచితం. ఇంటికి 16 కిలోమీటర్లు. ఆటో వెళ్ళేటప్పుడు రూ. 280, రాత్రి తిరిగి వచ్చేటప్పుడు రూ. 350. ఆలస్యమవుతుంది కాబట్టి బయట టిఫిన్, మనిషికి రూ. 60 చొప్పున రూ. 240. మొత్తం రూ. 870.

రెండో కార్యక్రమం. టికెట్ మనిషికి రూ. 100, నలుగురికి రూ. 400. ఇంటికి 2 కిలోమీటర్లు. ఆటో రానుపోను రూ. 120. ఎనిమిదిన్నరకు ఇంట్లోనే భోజనం. మొత్తం రూ. 520.

టికెట్ ఉన్నదే చౌక! ఇప్పుడు అక్కడితో ఆపకుండా మరో ప్రశ్న వేయండి: మొదటి కార్యక్రమానికి సిటీ బస్సులో వెళితే? తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి నిర్ణీత రకాల ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. అమ్మకు, అక్కకు ఛార్జీ లేదు. నాన్నకు, తమ్ముడికి ఒక వైపు రూ. 30 చొప్పున వేసుకుంటే రానుపోను రూ. 120. టిఫిన్ రూ. 240. మొత్తం రూ. 360. లెక్క మళ్ళీ తిరగబడింది.

అంటే ఏది చౌక అని మన సైట్ తీర్పు చెప్పలేదు. ఇంటింటికీ జవాబు మారుతుంది. సైట్ చేయగలిగింది, చేయవలసింది ఒకటే: ప్రతి కుటుంబం తన లెక్క తాను వేసుకోవడానికి కావలసిన ముక్కలన్నీ ఇవ్వడం. టికెట్ ఎంత, దగ్గరి బస్ స్టాప్ లేదా మెట్రో స్టేషన్ ఏది, ఎన్నింటికి అయిపోతుంది, పార్కింగ్‌కు డబ్బు తీసుకుంటారా, ఆవరణలోకి వెళ్ళడానికి వేరే గేటు టికెట్ ఉందా.

మాటల్లో తేడా కూడా ఇక్కడే నేర్పవచ్చు. 'ప్రవేశం ఉచితం', 'పాసులున్న వారికి మాత్రమే', 'సభ్యులకు మాత్రమే', 'విరాళం ఇవ్వదలచినవారు ఇవ్వవచ్చు'. ఈ నాలుగూ వేరు. ఆహ్వాన పత్రిక చివర 'అందరూ ఆహ్వానితులే' అని ఉంటే తెలియనివారు కూడా వెళ్ళవచ్చని అర్థం. ఈ సంగతి తెలియక, మనల్ని ఎవరూ పిలవలేదు కదా అని మొహమాటపడి ఆగిపోయే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంగ్లిష్ పేజీ రాసేటప్పుడు ఆ మాటను ఎలా చెబితే కొత్తవారికి ధైర్యం వస్తుందో పిల్లలనే ఆలోచించనివ్వండి.

నాలుగో మెట్టు: ఒక్కో కార్యక్రమానికి ఒక వరుస

వెబ్ పేజీ కంటే ముందు ఒక గూగుల్ షీట్ తెరవండి. ఒక కార్యక్రమానికి ఒక వరుస. పై వరుసలో ఈ శీర్షికలు పెట్టించండి:

1. ఏమిటి: కచేరీ, హరికథ, బుర్రకథ, జానపదం, లలిత సంగీతం, ఆర్కెస్ట్రా, గజల్, భజన.
2. ఎవరు: ప్రధాన కళాకారులు, పక్క వాద్యాల వారితో సహా.
3. ఎక్కడ: హాలు పేరు, వీధి, దగ్గరి గుర్తు.
4. తేదీ, వారం.
5. సభ ఎన్నింటికి, పాట ఎన్నింటికి, ముగింపు ఎన్నింటికి.
6. ప్రవేశం: ఉచితం, టికెట్, పాసు, విరాళం.
7. ఎలా వెళ్ళాలి, ఎలా తిరిగి రావాలి.
8. మెట్లు, లిఫ్ట్, టాయిలెట్, తాగునీరు.
9. ఈ సమాచారం ఎవరు చెప్పారు.
10. ఏ తేదీన సరిచూశాం.

అయిదో శీర్షికలో మూడు సమయాలు ఎందుకో మీలో చాలామందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది. పత్రికలో సాయంత్రం 6 గంటలు అని ఉంటుంది. ఆరింటికి జ్యోతి ప్రజ్వలన, తర్వాత అతిథుల పలుకులు, శాలువాలు, జ్ఞాపికలు. పాట మొదలయ్యేసరికి చిన్నపిల్లలు అమ్మ ఒడిలో నిద్రపోతారు. సభను తక్కువ చేయాలని ఈ మాట చెప్పడం లేదు. కళాకారులకు సన్మానం జరగాల్సిందే. కానీ ఎనిమిదేళ్ళ పాపతో వచ్చే తల్లికి పాట ఎప్పుడో తెలిస్తే, ఆమె ఆ సమయానికి వచ్చి పూర్తిగా వింటుంది.

రెండో శీర్షికలో పక్క వాద్యాల పేర్లు మరిచిపోవద్దు. మృదంగం, వయొలిన్, తబలా, డోలు వాయించేవారి పేర్లు పోస్టర్లలో చాలాసార్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి, కొన్నిసార్లు ఉండనే ఉండవు. ఒక కళాకారుడికి తన పేరు తప్పు లేకుండా కనిపించడం చిన్న విషయం కాదు.

పేర్ల స్పెల్లింగ్ దగ్గర ఒక చిక్కు ఉంది. త్యాగరాజ అనే పేరును ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు 'టి' పక్కన 'హెచ్' పెట్టేవారు ఉన్నారు, పెట్టనివారు ఉన్నారు. వెతికేవారు ఏ స్పెల్లింగ్‌తో వెతుకుతారో మనకు తెలియదు. అందుకే ప్రతి పేరూ తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్‌లోనూ రాయాలి. రెండు భాషల్లోనూ అక్షరాలను టైప్ చేయాలి. పోస్టర్ ఫోటో ఒక్కటే పెడితే అందులోని అక్షరాల కోసం వెతికినవారికి మన పేజీ దొరుకుతుందన్న భరోసా లేదు. చూపు లేనివారి ఫోన్ కూడా టైప్ చేసిన అక్షరాలనే సులువుగా చదివి వినిపిస్తుంది.

అయిదో మెట్టు: తేదీలతో జాగ్రత్త

సోషల్ స్టడీస్ టీచర్లు కూడా వాడుకోగల పాఠం ఇది. త్యాగరాజ ఆరాధన ప్రతి సంవత్సరం పుష్య బహుళ పంచమి నాడు జరుగుతుంది. త్యాగరాజు నివసించిన తిరువయ్యారు తమిళనాడులో ఉన్నా, ఆయన కీర్తనల్లో ఎక్కువ భాగం తెలుగే. అందుకే ఆ రోజుల్లో మన ఊళ్ళలోనూ ఆరాధనలు చేస్తారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని అయిదు పంచరత్న కీర్తనలను కళాకారులంతా కలిసి పాడతారు. కొత్తగా వినే పిల్లలకు ఇది మంచి ప్రారంభం. ఒకేసారి అంతమంది గొంతులు కలవడం రికార్డింగ్‌లో ఒకలా, ఎదురుగా ఒకలా ఉంటుంది.

ఇక తేదీలు చూడండి. 2023లో జనవరి 11, 2024లో జనవరి 30, 2025లో జనవరి 18. తిథి ఒకటే, ఇంగ్లిష్ తేదీ మాత్రం ప్రతిసారీ మారింది. పైగా కొన్ని సంస్థలు అదే రోజున కాకుండా దగ్గరి ఆదివారం చేసుకుంటాయి. నిరుటి పేజీని కాపీ చేసి సంవత్సరం మారిస్తే సరిపోదు. శ్రీరామనవమి, దసరా, ఉర్సులు, అన్నిటికీ ఇదే నియమం. షీట్‌లో పండుగల కోసం రెండు గడులు పెట్టండి: తిథి ఒకటి, ఈ సంవత్సరం నిర్వాహకులు స్వయంగా చెప్పిన తేదీ ఒకటి. రెండో గడి నిండేవరకు సైట్‌లోకి ఎక్కించకూడదు.

ఆరో మెట్టు: నిజమని ఎలా తెలుస్తుంది?

వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ ఆధారం కాదు, ఒక ఆచూకీ మాత్రమే. అది నిరుటిది కావచ్చు. వాయిదా పడి ఉండవచ్చు. పిల్లలకు మూడు నియమాలు చాలు.

ఒకటి, హాలు వారిని గానీ నిర్వాహకులను గానీ నేరుగా అడగాలి. రెండు, కార్యక్రమానికి ముందు రోజు మళ్ళీ ఒకసారి అడగాలి. మూడు, అడిగినవారు ఒకరు, షీట్‌లో చూసి సరే అనేవారు మరొకరు.

ఫోన్ చేయడం మన పిల్లలకు పెద్ద పరీక్ష. మెసేజ్ పెట్టమంటే క్షణంలో పెడతారు, తెలియని పెద్దవారితో మాట్లాడమంటే బిగుసుకుపోతారు. అందుకే దీన్ని మీ ఫోన్ నుంచి, మీరు పక్కన కూర్చుని, స్పీకర్‌లో చేయించండి. మాటలు ముందే రాసుకోనివ్వండి: "నమస్కారం అండీ. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. స్కూల్ ప్రాజెక్ట్ కోసం శనివారం కచేరీ వివరాలు అడగాలనుకుంటున్నాను. ఒక రెండు నిమిషాలు మాట్లాడవచ్చా అండీ?" ఎదుటివారు విసుక్కుంటే థాంక్స్ చెప్పి పెట్టేయడం కూడా నేర్చుకోవలసిందే. నిజానికి, మా కచేరీ గురించి ఒక పిల్లాడు ఫోన్ చేశాడని సంతోషపడేవారే ఎక్కువ.

సరిచూసే వీలు కుదరకపోతే? ఆ కార్యక్రమం సైట్‌లో ఉండకూడదు. పది వివరాలు పెట్టి రెండు తప్పడం కంటే, నాలుగే పెట్టి నాలుగూ నిజం కావడం మేలు.

ఏడో మెట్టు: పేజీ ఎలా ఉండాలి?

మన దగ్గర చాలామంది చూసేది ఫోన్‌లోనే. కాబట్టి కాగితం మీద ఫోన్ ఆకారంలో గీతలు గీసి, అందులో పేజీ వేయించండి. తెరవగానే మూడు బటన్లు చాలు: 'ఈ రోజు', 'ఈ వారాంతం', 'మా ఇంటికి దగ్గర'. ఒక్కో కార్యక్రమానికి అయిదు లైన్లు. పైన సైట్ పేరు చిన్నదిగా. అటూ ఇటూ కదిలే బొమ్మలు, తనంతట తాను మోగే పాట వద్దు. సిగ్నల్ సరిగా లేని చోట కూడా త్వరగా తెరుచుకోవాలి.

వర్ణన రాయడంలో ఒక చిన్న అభ్యాసం చేయించండి. 'అద్భుతమైన', 'కనీవినీ ఎరుగని' లాంటి మాటలు వాడకుండా 30 మాటల్లో రాయాలి. ఉదాహరణకు హరికథ గురించి: 'ఒకే కళాకారుడు చేతిలో చిరతలతో కథ చెబుతూ, మధ్యలో పాడుతూ, అడుగులు వేస్తూ, అన్ని పాత్రలనూ తానే చూపిస్తారు. మధ్యమధ్య నవ్వించే పిట్టకథలు ఉంటాయి.' ఇది చదివిన పదేళ్ళ పిల్లవాడికి వెళ్ళాలనిపిస్తే రాసినవారు పాసైనట్టే. ఇదే పేరాను ఇంగ్లిష్‌లో మళ్ళీ రాయించండి. అనువాదం చేయవద్దు, కొత్తగా రాయమనండి. పరీక్షల్లో లెటర్, నోటీస్, రిపోర్ట్ రాయడానికి కావలసిన శక్తి ఇక్కడే పెరుగుతుంది. 'దీనివల్ల మార్కులొస్తాయా?' అని అడిగే తల్లిదండ్రులకు నా జవాబు ఇదే.

ఎనిమిదో మెట్టు: దాటకూడని గీతలు

పోస్టర్, ఫోటో, వీడియో ఎవరు తయారు చేస్తే వారివి. అనుమతి లేకుండా సైట్‌లో పెట్టకూడదు. తేదీ, చోటు, సమయం లాంటి వివరాలను మన మాటల్లో రాసుకోవచ్చు. కచేరీలో రికార్డింగ్ చేయడానికి కూడా కళాకారుల అనుమతి కావాలి.

సైట్‌లో పిల్లల పేర్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లు వద్దు. సందర్శకుల దగ్గర నుంచి కూడా ఏమీ అడగవద్దు. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్ళలోపు వారంతా పిల్లలే. వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. లాగిన్, పాస్‌వర్డ్ ఏవీ లేకుండా చదివి వెళ్ళిపోయే సైటే మనకు సరైనది. తప్పు కనిపిస్తే చెప్పడానికి ఒక ఈమెయిల్ చాలు, దాన్ని పెద్దవారు చూడాలి.

తొమ్మిదో మెట్టు: మార్చిలో ఎవరు చూస్తారు?

ప్లాన్ అంతా అయ్యాక పిల్లలను ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. ఉత్సాహంగా మొదలై, పరీక్షలు రాగానే ఆగిపోయి, పాత తేదీలతో మిగిలిపోయే సైట్లు చాలా ఉన్నాయి. పాతబడిన సమాచారం ఉన్న సైట్ కంటే అసలు సైట్ లేకపోవడమే నయం.

అందుకే చిన్నగా మొదలుపెట్టాలి. ఒక నగరం మొత్తం వద్దు. ఇంటి చుట్టూ 5 కిలోమీటర్లు, మహా అయితే నాలుగు హాళ్ళు. కాలం కూడా ముందే నిర్ణయించుకోవాలి: దసరా నుంచి సంక్రాంతి వరకు. నలుగురు పిల్లలు, వారానికి ఒకరి వంతు. గడువు అయ్యాక మొదటి పేజీలో 'ఈ సీజన్ ముగిసింది, దసరాకు మళ్ళీ కలుద్దాం' అని రాసి మూసేయాలి. అలా చెప్పి మూసేయడం కూడా మాట నిలబెట్టుకోవడమే.

చెన్నై డిసెంబర్ సీజన్ కూడా ఒక్కసారిగా ఇంత పెద్దది కాలేదు. 1927 డిసెంబరులో మద్రాసు కాంగ్రెస్ మహాసభలతో పాటు ఒక సంగీత సదస్సు జరిగింది. దాని ఫలితంగా 1928లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. ఇప్పుడు ఆ ఊళ్ళో డిసెంబరు వచ్చిందంటే ఎన్నో సభలు, రోజుకు ఎన్నో కచేరీలు. సాయంత్రం పెద్ద విద్వాంసులకు టికెట్ ఉన్నా, పగటి పూట యువ కళాకారుల కచేరీలు చాలాచోట్ల ఉచితం. ఎక్కడ ఏముందో ముందే అచ్చయి చేతికి అందడం అక్కడి శ్రోతలకు అలవాటు. అక్కడ వినిపించే కీర్తనల్లో తెలుగు ఎంత ఉందో వేరే చెప్పక్కర్లేదు. ఆ భాష ఇంట్లో మాట్లాడే మన పిల్లలకు మన వీధి చివరి కచేరీ కబురు అందకపోతే ఎలా?

మీ పాత్ర

ప్రాజెక్ట్ అనగానే రాత్రి పదింటికి చార్ట్ పేపర్ కోసం పరుగు, అమ్మ రాత, నాన్న బొమ్మలు, మనందరికీ తెలిసిందే. ఈసారి మీరు మూడు పనులే చేయండి. ఫోన్ ఇవ్వండి. పక్కన కూర్చోండి. కచేరీకి తీసుకెళ్ళండి. షీట్‌లో తప్పు కనిపిస్తే మీరు దిద్దవద్దు, "ఇది ఎవరు చెప్పారు?" అని అడగండి చాలు.

నాలుగు వారాల పట్టిక

మొదటి వారం: ముగ్గురు మనుషుల వివరాలు, మ్యాప్ మీద చుక్కలు.
రెండో వారం: షీట్, రెండు ఫోన్ కాల్స్, ఖర్చు లెక్క.
మూడో వారం: సరిచూసిన నాలుగు కార్యక్రమాలు, రెండు భాషల్లో వర్ణన, కాగితం మీద పేజీ.
నాలుగో వారం: అందులో ఒక కార్యక్రమానికి కుటుంబంతో వెళ్ళడం. మన వరుసలో రాసిన పది వివరాల్లో ఎన్ని సరిగ్గా ఉన్నాయో అక్కడే టిక్ పెట్టడం.

ఆ నాలుగో వారం పేపర్‌ను క్లాసుకు పంపండి. అందంగా ఉండనక్కర్లేదు. పదిలో ఏడు టిక్‌లు, మిగతా మూడు ఎందుకు తప్పాయో రెండు లైన్లు ఉంటే చాలు. తప్పిన ఆ మూడింటి నుంచే వచ్చే నెల కోడింగ్ క్లాసు మొదలవుతుంది.

ఈ ఆదివారం చేయవలసింది మాత్రం చాలా చిన్నది. పిల్లలతో కలిసి మీ వీధి చివరి వరకు నడవండి. గుడి బోర్డు, కమ్యూనిటీ హాల్ గోడ, కూడలిలో ఫ్లెక్సీ చదవండి. ఈ వారం పాట ఎక్కడుందో ఒక్కటి కనిపెట్టి, మ్యాప్ మీద మొదటి చుక్క పెట్టించండి.